రెండు రూపాయలు ఎక్కువ

జూన్ 2, మంగళవారం

ఏం తిన్నానో, నడిచానో లేదో రోజూ దాచకుండా రాయమంది డాక్టరు. తెలుగులో రాస్తున్నాను. ఇంట్లో అందరం మాట్లాడేది, నొక్కి చెప్పాల్సిన చోటల్లా అరవం 'దా' తగిలించే తెలుగే అయినా చదవడం వచ్చింది నాకొక్కదానికే. హైదరాబాదులో ఎమ్మెస్సీ చదివిన రెండేళ్ళలో హాస్టల్ గదిలో నేర్చుకున్నాను. అన్న చూసినా, వదిన చూసినా భయం లేదు.

వయసు నలభై మూడు. బరువు తొంభై నాలుగు. మోకాళ్ళు మెట్లెక్కనివ్వడం లేదు.

ఉదయం రెండు ఇడ్లీలు. మధ్యాహ్నం అన్నం, బీన్స్ కూర, మజ్జిగ. రాత్రి ఒక చపాతీ. అంతే.

ఫ్యాక్టరీలో రుచి చూసినవి రాయనక్కర్లేదు. అది ఉద్యోగం.

జూన్ 4, గురువారం

అన్న హరిహరన్ మీటింగు నుంచి వచ్చి, చెప్పులైనా విప్పకుండా నన్ను కిందికి పిలిచాడు. చిరుతిళ్ళ తయారీదార్ల సంఘానికి ఈ ఏడాది ఆయనే అధ్యక్షుడు. ఉప్పు, చక్కెర, నూనె ఎక్కువున్న ప్యాకెట్ తిండి మీద అదనంగా పన్ను వేయాలా వద్దా అని తేల్చడానికి ప్రభుత్వం ఒక కమిటీని వేసిందట. జూలై పదహారున కోయంబత్తూరులో అందరి మాటా వింటారట.

"జనం లావైపోతా ఉండారంట. దానికి మన మురుకు దా కారణమంట. రోడ్డు మీద బజ్జీ బండికి టాక్స్ లే. మాడిన నూనెలోనే మళ్ళీ మళ్ళీ వేపేవానికి లే. ల్యాబ్ పెట్టి, లైసెన్సు కట్టి, నూట ఎనభై మందికి సంబళం ఇచ్చేవానికి దా టాక్స్. ఇది న్యాయమా, అమ్మిణీ?"

న్యాయం కాదనే అనిపించింది. ఇప్పటికీ అనిపిస్తోంది.

అన్నూరులోని మా ఫ్యాక్టరీలో, పనివాళ్ళకు మా సరుకే అమ్మే చిన్న అంగడి ఉంది. అక్కడ పది రూపాయల ప్యాకెట్టును నాలుగు వారాలు పన్నెండుకు అమ్మి చూడాలట. ధర పెరిగినా ఎవరూ తినడం మానలేదని కమిటీకి చూపించాలట. లెక్క తీయాల్సిందీ, సంతకం పెట్టాల్సిందీ నేను. సంఘం మొత్తానికి పోషకాహారం చదివినదాన్ని నేనే.

"ఒక్కరు మానరు, చూడు. రెండు రూపాయలకి నోరు కట్టుకుంటారా ఎవురైనా?"

పద్నాలుగేళ్ళుగా ఈ ఇంట్లో మేడ మీద ఉంటున్నాను. ఆ పెళ్ళిలోంచి బయటపడి వచ్చిన రోజు, ఆర్.ఎస్. పురంలో బస్సు దిగిన చోట నా పెట్టె అందుకుని మోసింది అన్నే. కాలేజీ ఫీజు కట్టిందీ అన్నే.

సరే అన్నాను.

జూన్ 8, సోమవారం

మొదలుపెట్టాం. అంగడి ముందు కొత్త ధర నేనే రాయించాను.

మా ఆడవాళ్ళ షిఫ్టు ఆరింటికి. కంపెనీ బస్సు ఐదింటికే ఊళ్ళ మీదుగా వస్తుంది కాబట్టి చాలామంది ఇంట్లో టీ తాగి ఎక్కేస్తారు. తొమ్మిదిన్నరకు విరామం. ఇదివరకు ఆ వేళకు వంటశాలలో అన్నం ఉండేది. రెండేళ్ళ కిందట దాన్ని మూసేశారు. పొగ, ఎలుకలు, తనిఖీకి వచ్చినవాళ్ళతో పేచీలు. అప్పటి నుంచి టీ, అంగడి.

ప్యాకెట్లు అతికించే మిషన్ దగ్గర పనిచేసే ముత్తమ్మాళ్ బోర్డు చూసి నా దగ్గరికి వచ్చింది. ఆమెది కోవిల్‌పట్టి వైపు కరిసల్ అనే నల్లరేగడి నేల. మూడేళ్ళు వరసగా పత్తి పోతే కుటుంబంతో ఇటు వచ్చేసింది. ఫ్యాక్టరీలో నాతో తెలుగులో మాట్లాడేది ఆమె ఒక్కతే. ఆమె తెలుగు మా అవ్వ తెలుగులా ఉంటుంది. నా అంత లావూ ఉంటుంది. షుగర్ కూడా ఉంది.

"పన్నెండా? ఏంటికి మా?"

"కొన్నాళ్ళే, అక్కా."

"సరి పో. ఇంటికి పొయ్యి తింటా," అని నవ్వింది.

జూన్ 13, శనివారం

మొదటి వారం అమ్మకాల్లో పెద్ద తేడా లేదు. అన్న రెండు సార్లు ఫోన్ చేసి సంతోషపడ్డాడు.

ఉదయం దోసె ఒకటి. మధ్యాహ్నం అన్నం. రాత్రి రెండు చపాతీలు. కొత్త వెల్లుల్లి మిక్చర్ రుచి చూశాను. మూడు బ్యాచులు.

జూన్ 15

నడవలేదు. వాన.

జూన్ 16

నిన్న వాన లేదు.

జూన్ 20, శనివారం

రెండో వారం పదింట ఒక వంతు తగ్గింది. ఇలా రాయడానికి సిగ్గుగా ఉంది కానీ, ఆ గీత కిందికి దిగడం చూసి నాకు ఉత్సాహం వచ్చింది. చదువుకున్నది కళ్ళ ముందు జరుగుతోంది.

రాత్రి భోజనాల దగ్గర ఆ మాటే చెప్పాను. అన్న కలుపుతున్న చెయ్యి ఆగింది.

"పదింట ఒకటి ఒక లెక్కా?"

"ఇంకా రెండు వారాలుంది అన్నా. ఇంకా తగ్గేటట్లుంది."

"అమ్మిణీ, ఒకటి అడుగుతా, కోపం తెచ్చుకోవద్దు. నీకి టాక్స్ వేస్తే నువ్వు మానుతావా?"

షణ్ముగప్రియ వదిన "ఏమండీ" అంది. నేను మజ్జిగ పోసుకుని, తాగి, పైకి వచ్చేశాను.

నా గదిలో, ఫ్యాక్టరీ నుంచి తెచ్చిన శాంపిల్ ప్యాకెట్లు ఉంటాయి. అవి ఎందుకున్నాయో డాక్టరుకు చెప్పలేదు.

జూన్ 24, బుధవారం

ముత్తమ్మాళ్ పడిపోయింది.

తొమ్మిది దాటింది, విరామానికి ఇంకా పది నిమిషాలు. నేను ల్యాబ్‌లో ఉన్నాను. అరుపు వినిపించింది. వెళ్ళేసరికి ఆమె మిషన్ పక్కన నేల మీద ఉంది. ఒళ్ళంతా చెమట, పళ్ళు బిగుసుకున్నాయి. పడుతూ పడుతూ పట్టు కోసం చెయ్యి వేసింది ప్యాకెట్లు అతికించే వేడి పట్టీ మీదట. కుడిచేతి మూడు వేళ్ళు తెల్లగా ఉడికిపోయాయి. ఆ వాసన ఇంకా నా ముక్కులో ఉంది.

ఎవరో ఉల్లిపాయ తెమ్మన్నారు. నేను చక్కెర తెమ్మని అరిచాను. నీళ్ళలో కలిపి చెంచాతో పెదవుల లోపల రాశాను. ఆసుపత్రికి చేరేదాకా కారులో నా ఒళ్ళోనే ఉంది ఆమె తల.

రక్తంలో చక్కెర నలభై ఒకటి. "మాత్ర వేసుకుని ఏం తిన్నారు?" అని డాక్టరు అడిగాడు. ఏమీ తినలేదు. పొద్దున నాలుగున్నరకు మాత్ర, టీ. ఇదివరకు తొమ్మిదిన్నరకు రెండు ప్యాకెట్లు తినేది. మూడో వారం నుంచి మానేసింది.

"రోజుకి ఇరవై నాలుగు రూపాయలు మిగులుతాది గదా అని మానితి మా," అంది కళ్ళు తెరిచాక. "ఎందురో మానిరి. నాకి దా ఇట్లయ్యె."

నేను ఏమీ తినలేదు ఇవాళ. ఇది నిజం.

జూన్ 25, గురువారం

ఆసుపత్రి ఖర్చంతా కంపెనీదే అని అన్న అప్పుడే చెప్పేశాడు. స్వయంగా వెళ్ళి చూశాడు, పళ్ళు పట్టుకెళ్ళాడు. తిరిగి వచ్చాక నా గది తలుపు దగ్గర నిలబడ్డాడు.

"దీన్నే దా కమిటీకి చెప్పల. పేదోళ్ళ నోటికాడి తిండి మీద టాక్స్ వేస్తే ఏమవుతుందో, చూడండి అని. ముత్తమ్మాళ్‌ను పిలుచుకొని పోదాం."

"అన్నా, ఆమెకి ఇంకా కట్టు..."

"కట్టుతోనే."

ఇందులో అబద్ధం ఏముంది? వెతికాను. ధర పెరిగింది, మానింది, పడిపోయింది. అన్నీ నిజమే.

జూలై 4, శనివారం

నాలుగు వారాలు అయ్యాయి. మూడో వారం నాలుగో వంతు తగ్గింది, నాలుగో వారం పదింట మూడు వంతులు. మానేసిన వాళ్ళను పిలిచి అడిగాను. పదకొండు మంది ఇంటి నుంచి టిఫిన్ డబ్బా తెస్తున్నారు. మిగతా వాళ్ళు టీ తాగి రెండింటి దాకా ఉంటున్నారు.

రిపోర్టు రాసి మేనేజర్ నటరాజన్‌కు ఇచ్చాను.

జూలై 8, బుధవారం

నటరాజన్ రిపోర్టు తిరిగి తెచ్చాడు. నాలుగు వారాలు రెండు వారాలయ్యాయి. "ధరల పెంపు వల్ల గణనీయమైన తగ్గుదల కనబడలేదు" అని చివరి వాక్యం. ఆ తర్వాత కొత్త పేజీ: ఒక పేద కార్మికురాలికి జరిగిన ప్రమాదం.

"నాలుగు వారాల ట్రయల్ కదా సార్," అన్నాను.

ఆయన నేల చూశాడు. "ప్రమాదం జరిగింది కదా మేడం, రెండు వారాలతోనే ఆపేశామని అనుకుందాం అన్నారు ఎండీ గారు."

అన్న దగ్గరికి వెళ్ళాను. లెక్క మార్చకూడదన్నాను. ఆయన అరవలేదు. అరిస్తే బాగుండేది.

"నాన్న అవినాశిలో తేరు నాడు సైకిల్ మీద మురుకు అమ్మింది నీకి జ్ఞాపకం లే. నాకి ఉండాది. వెనకాల కూర్చుండేది నేను. ఈ పన్ను వస్తే మొదట మూసేది పెద్ద కంపెనీలు కాదు అమ్మిణీ, మనం దా. నూట ఎనభై మంది రోడ్డు మీద. అది కావాలా నీకి?"

"వద్దు."

"ఇంగేమి?"

జూలై 9

సంతకం పెట్టాను.

జూలై 10

ఉదయం ఇడ్లీ. ఎన్నో రాయను.

జూలై 12, ఆదివారం

మొదటి పేజీల నుంచి చదివాను. "దాన్ని మూసేశారు" అని రాశాను. ఎవరు మూసేశారో రాయలేదు.

నేను.

వంటశాల ఖర్చు పెరుగుతోంది, ఏం చేద్దామని రెండేళ్ళ కిందట అన్న నన్నే అడిగాడు. మూడు పేజీలు రాసిచ్చాను. ఎలుకల సంగతి రాశాను, అది నిజమే. కింద ఒక పట్టిక వేశాను. ఒక ప్లేటు సాంబారన్నంలో ఎన్ని కేలరీలు, మా రెండు ప్యాకెట్లలో ఎన్ని కేలరీలు. రెండూ ఇంచుమించు సమానం. "కార్మికులకు కావలసిన శక్తి మన ఉత్పత్తులతోనే సమకూరుతుంది" అని రాసింది నేను. చదువుకున్నదాన్ని. కేలరీలు సమానమైతే తిండి సమానం కాదని మొదటి సంవత్సరం పిల్లలకు కూడా తెలుసు. అన్న మెచ్చుకుంటాడని రాశాను. మెచ్చుకున్నాడు కూడా.

ఆ ఏడాది మెడికల్ క్యాంపులో షుగర్ ఉన్నవాళ్ళు పద్నాలుగు మంది. ఈ ఏడాది ముప్పై ఒక్క మంది. ఆ కాగితాలు నా బీరువాలోనే ఉన్నాయి. అవి కొత్తగా చేరినవాళ్ళ వల్ల అనుకున్నాను. కొత్తగా చేరింది ఆరుగురే.

జూలై 16, గురువారం

అంతా రాస్తాను, వరసగా.

పొద్దున అన్న కారులోనే వెళ్ళాం. ముందు సీటులో అన్న, వెనక నేను, ముత్తమ్మాళ్. ఆమె కొత్త చీర కట్టుకుంది, వదిన పంపినది. కుడిచేతికి కట్టు. దారిలో అన్న ఆమెకు ఇంకోసారి చెప్పాడు. ఎక్కువ మాట్లాడవద్దు, రేటు పెరిగింది, తినలేకపోయాను, పడిపోయాను, ఇంతే. ఆమె "సరింగయ్యా" అంది.

హాలులో ఏసీ చలి. కమిటీ అధ్యక్షురాలు పెద్దావిడ, ఉన్ని శాలువా కప్పుకుని కూర్చుంది. ముందు ఒక పిల్లల డాక్టరు మాట్లాడాడు. పన్నెండేళ్ళ పిల్లలకు కాలేయంలో కొవ్వు చూస్తున్నానన్నాడు. తర్వాత అన్న. బాగా మాట్లాడాడు. బజ్జీ బండి గురించి, నూట ఎనభై కుటుంబాల గురించి. జనం తలలూపారు. నేనూ ఊపాను, అలవాటుగా. నా రిపోర్టు వాళ్ళ బల్ల మీద ఉంది, నా సంతకం వాళ్ళకు కనబడేలా.

ఆపైన ముత్తమ్మాళ్‌ను పిలిచారు. అరవంలో మాట్లాడింది. చెప్పమన్నవి మూడూ చెప్పి, అయిపోయిందని కట్టు ఉన్న చెయ్యి ఎడమ చేత్తో పట్టుకుంది. అధ్యక్షురాలు అడిగింది:

"ఈ ప్యాకెట్లు రాకముందు పొద్దున ఏం తినేవారు మీరు?"

ముత్తమ్మాళ్‌కు ఎవరూ ఇది నేర్పలేదు.

"ముందర కంపెనీలో దా అన్నం పెడతా ఉండిరి."

"మరి ఎందుకు మానేశారు?"

ఆమె అన్న వైపు చూసింది. తర్వాత నా వైపు. ఆ చూపులో అనుమానం లేదు. నేనైతే చదువుకున్నదాన్ని, నాకు తెలిసి ఉంటుంది, నేనేమైనా అందిస్తానేమోనని చూసింది. స్కూల్లో జవాబు రాని పిల్ల పక్క పిల్ల వైపు చూసినట్టు.

"తెలీదు మా," అంది.

లేచాను. ధైర్యం వల్ల కాదు. ఆ చూపు కింద కూర్చోవడం చేతకాక లేచాను. అన్న నా మణికట్టు పట్టుకున్నాడు, గట్టిగా కాదు. చిన్నప్పుడు రోడ్డు దాటించేటప్పుడు పట్టుకున్నట్టు. విడిపించుకున్నాను.

చెప్పాను. వంటశాల మూయమని రాసింది నేనే. మీ ముందున్న రిపోర్టు సగం. ట్రయల్ నాలుగు వారాలు జరిగింది, ప్రమాదం మూడో వారంలో. అమ్మకాలు పదింట మూడు వంతులు తగ్గాయి. పెంచింది రెండు రూపాయలే. అది తప్పని తెలిసే సంతకం పెట్టాను.

హాలులో ఎవరో "అడడా" అన్నారు.

"అయితే పన్ను పనిచేస్తుందంటారు," అంది అధ్యక్షురాలు.

"తినడం తగ్గుతుంది. కానీ ఆ ప్యాకెట్ తీసేసిన చోట ఏం పెడతారు? మేం ఏమీ పెట్టలేదు. అందుకే ఈవిడ పడిపోయింది. పన్ను వేసి ఆ డబ్బు ఇంకెక్కడికో పోతే, ఇలాంటి వాళ్ళు ఇంకా పడతారు. పన్ను వేయకపోతే ఇంకో పదేళ్ళలో షుగరుతో మెల్లగా పడతారు."

"మీ సంఘం అభిప్రాయం ఇది కాదు కదా?"

"కాదు. సంఘం అడిగింది ఒకటి ఉంది, నాకు పన్ను వేస్తే నేను మానుతానా అని." ఇది చెప్పాలని అనుకోలేదు, వచ్చేసింది. "నేను మానను మేడం. ఎందుకంటే నాకు ఊరికే దొరుకుతాయి. నా గది నిండా ఉన్నాయి. ధర అడ్డుపడేది కొనుక్కునేవాళ్ళకు."

నవ్వారు కొందరు. నాకు నవ్వు రాలేదు.

బయటికి వచ్చాక అన్న కారు తలుపు తీసి ముత్తమ్మాళ్‌ను ఎక్కించాడు. నన్ను చూడకుండా, "నాన్న ఉండింటే..." అని ఆపేశాడు. ముత్తమ్మాళ్ అద్దం దించింది.

"రెండేండ్లుగా రోజూ నన్ను చూసి నగతా ఉంటివి గదా మా," అంది.

కారు వెళ్ళిపోయింది. నేను బస్సులో వచ్చాను.

జూలై 17

ఫ్యాక్టరీకి వెళ్ళాను. ల్యాబ్‌కు వేరే తాళం. నటరాజన్ బయటికి రాలేదు.

జూలై 21, మంగళవారం

కింద నుంచి వదిన అన్నం పంపిస్తోంది. అన్న మెట్ల దగ్గర ఎదురుపడినా మాట్లాడడు. ఇవాళ వదిన పైకి వచ్చి మంచం మీద కూర్చుంది.

"ఆయన నిద్రపోయి అయిదు రోజులయ్యె, బృందా. సంఘం పదవి తీసేసిండారు. నీ మీద కోపమా, ఆయన మీదే కోపమా, నాకి తెలియలే."

శాంపిల్ ప్యాకెట్లన్నీ సంచీలో వేసి ఆమెకు ఇచ్చేశాను. రెండు తప్ప. ఇది కూడా రాస్తున్నాను.

జూలై 27, సోమవారం

పదింటికి ఫోన్. అన్న నంబరు. పదకొండు రోజుల తర్వాత.

"ఆడోళ్ళు లేవడం లే," అన్నాడు.

తొమ్మిదిన్నర విరామానికి బయటికి వచ్చిన వాళ్ళు, గంట కొట్టినా లోపలికి వెళ్ళలేదట. మూసేసిన వంటశాల ముందు కూర్చున్నారట. నినాదాలు లేవు. ముత్తమ్మాళ్ ముందుందట.

"నువ్వు దా మొదలుపెట్టింది. వచ్చి మాట్లాడు."

నేను వెళ్ళేసరికి ఎండలో నూటపాతిక మంది కూర్చుని ఉన్నారు. కొంగులు తలల మీద. ముత్తమ్మాళ్ నన్ను చూసి జరగలేదు, నవ్వలేదు.

"ఏం కావాలి అక్కా?"

"అందురి ముందర చెప్తివి గదా, అన్నం ఆపింది నేనని. ఆపినోళ్ళు దా పెట్టల."

"నా మీద కోపమా?"

"కోపం లేకుండా ఎట్లుంటాది? నా చెయ్యి చూడు." కట్టు తీసేశారు. మూడు వేళ్ళూ ఎర్రగా, పూర్తిగా ముడవడం లేదు. "కోపం నా దగ్గర ఉండనీ. నువ్వు అన్నం సంగతి చూడు."

అన్న తన గది కిటికీలోంచి చూస్తున్నాడు. లోపలికి వెళ్ళి, కుర్చీ లాక్కోకుండా, నిలబడే చెప్పాను. ఎంత ఖర్చవుతుందో, ఎన్ని బియ్యం కావాలో, మెడికల్ క్యాంపు కాగితాల్లో ఏముందో. పద్నాలుగు, ముప్పై ఒకటి. ఆయన ఆ రెండు అంకెలూ ఎన్నడూ వినలేదు. నేనెన్నడూ చెప్పలేదు కాబట్టి.

ఆ రెండు అంకెలూ బల్ల మీది కాగితంపై రాసుకున్నాడు.

"ల్యాబ్‌కి వేరే మనిషిని చూసుకుంటా," అన్నాడు చివరికి. "రుచి పని ఇంగ నీకి లే. వంట నువ్వు చూడు. పన్ను వచ్చిందంటే ఇది నడపలేను. ఇప్పుడే చెప్పేసినా."

"సరే అన్నా."

"అమ్మిణీ." తలుపు దాకా వచ్చాక పిలిచాడు. "ముప్పై ఒకరిలో మన బస్సు డ్రైవరు కూడా ఉండాడా?"

"ఉన్నాడు."

తల పట్టుకున్నాడు. ఆ డ్రైవరు నాన్న కాలం నాటి మనిషి.

ఆగస్టు 3, సోమవారం

ఎలుకల కన్నాలు పూడ్పించాం. పొగ గొట్టం కొత్తది. నాలుగింటికే వెళ్ళాను. మొదటి రోజు కంబు కూళు, అంటే సజ్జ జావ, చిన్న ఉల్లిపాయలు, కందిపప్పు తొక్కు. కొందరు ముఖం చిట్లించి అంగడి వైపు వెళ్ళారు. అక్కడ ప్యాకెట్ మళ్ళీ పది రూపాయలే. వాళ్ళను ఏమీ అనలేదు. తొంభై మంది తిన్నారు.

బరువు తొంభై మూడున్నర. దీనికి ఏ అర్థమూ లేదని డాక్టరు అంటుంది.

ఆగస్టు 19, బుధవారం

కమిటీ నిర్ణయం ఇంకా రాలేదు. వస్తుందంటారు, రాదంటారు. అన్న నాతో పని మాటలు మాట్లాడుతున్నాడు. బియ్యం ధర, గ్యాస్ బండలు. ఇవాళ కిటికీలోంచి చెయ్యి చాపి ఒక గిన్నె అడిగాడు. పంపించాను. గిన్నె కడిగి వచ్చింది, మాట రాలేదు.

తొమ్మిదిన్నరకు నూటనలభై మంది కూర్చున్నారు. వడ్డన అయ్యాక నేనూ ఒక పళ్ళెం తెచ్చుకుని ముత్తమ్మాళ్ పక్కన కూర్చున్నాను. ఆమె ఎడమ చేత్తో చెంచా పట్టుకుని తింటోంది. నన్ను చూడకుండానే అడిగింది.

"టాక్స్ వేస్తారా మా?"

"తెలీదు అక్కా."

"వేస్తే కంపెనీ మూస్తారా?"

"తెలీదు."

"నా వేళ్ళు మడవొస్తాయా?"

"డాక్టరు ఇంకో ఆర్నెల్లు చూడమన్నాడు. తెలీదు."

"ఇంత చదివి, నీకి తెలిసింది ఏముండాది మా?"

ఆలోచించాను.

"రేపు సాంబారన్నం," అన్నాను. "తొమ్మిదిన్నరకి."

ఆమె చెంచా కింద పెట్టి నా వైపు తిరిగింది.

"ఉప్పు కొంచెం ఎక్కువ వెయ్యి. ఇది తినలేకపోతా ఉండా."

"వెయ్యను అక్కా," అన్నాను.

ముత్తమ్మాళ్ నన్ను తిట్టింది. గిన్నె మాత్రం ఖాళీ చేసింది.